మడిచిన టేపు కొస

"సబ్బులు, షాంపూలు జూసి మనిషి జాడ చెప్తరా మేడం మీరు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ బిక్షపతి, నా వైపు చూడకుండానే.

స్టేషన్‌లో ఆయన బల్ల మీద నీలం రంగు సూట్‌కేసు తెరిచి ఉంది. విమానంలో మనతోపాటే తీసుకెళ్ళి తల పైన అరలో పెట్టుకునే చిన్న సైజుది. స్నిగ్ధది. సోమవారం ఉప్పల్ నుంచి ఎయిర్‌పోర్టుకు వెళ్ళిన బస్సులో, సామాన్ల అరలో దొరికింది. సూట్‌కేసు ఎయిర్‌పోర్టు చేరింది గానీ స్నిగ్ధ చేరలేదు. ఆమె ఎక్కాల్సిన మస్కట్ విమానం ఆమె లేకుండానే ఎగిరిపోయింది. ఇవాళ శుక్రవారం.

నా పేరు మంగతాయారు. ఉప్పల్‌లో ఒక మందుల షాపు పైన నాకు డిటెక్టివ్ ఆఫీసు ఉంది. బోర్డు మీద 'అండ్ అసోసియేట్స్' అని కూడా రాయించాను. ఆ అసోసియేట్స్ ఎవరో ఇంతవరకూ నాకే తెలియదు. మా ఆయన పోయాక బాపట్ల వచ్చెయ్యమని చుట్టాలందరూ పోరు పెట్టారు. వెళ్ళలేదు. ఒక్క మనిషికి అన్నం వండుకోవడం ఎక్కడైనా ఒకటేగా.

స్నిగ్ధ గురించి నాకు తెలిసింది కొంచెమే. బ్యూటీ పార్లర్లకు సరుకు అమ్మే కంపెనీలో ట్రైనర్. నెలకు రెండుసార్లయినా విమానం ఎక్కుతుంది. నాచారంలో ఒక ఫ్లాట్‌లో ఒక్కతే ఉంటుంది. అమ్మానాన్నలు లేరు, ఒక్కగానొక్క అక్క కూడా పోయింది. మిగిలింది ఆ అక్క మొగుడు నాగేందర్. ఉప్పల్‌లో తినుబండారాల వ్యాపారమట. మొన్న బుధవారం నా ఆఫీసుకొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"పోలీసోళ్ళు పట్టించుకుంటలేరక్కా. మీరన్న ఆ ఇల్లు మంచిగ సోదా జెయ్యున్రి. ప్రతి అర, ప్రతి డబ్బా సూడున్రి. ఏం దొరికినా ముందుగాల నాకే చెప్పున్రి" అన్నాడు.

పిల్ల దొరుకుతుందా అని మాత్రం అడగలేదు. భయంతో అడగలేకపోయాడు కాబోలు అనుకున్నాను. ఎదుటివాడి కన్నీళ్ళు చూస్తే నా బుర్ర కాస్త మెత్తబడుతుంది, ఈ వృత్తికి పనికిరాని గుణం.

"ఈ పెట్టె స్నిగ్ధ సర్దుకున్నది కాదు" అన్నాను బిక్షపతితో.

"ఎట్ల చెప్తరు?"

"దీన్ని ఆమె తనతోపాటు విమానంలోకి తీసుకెళ్ళాలి. విదేశం వెళ్ళే విమానంలోకి వంద మిల్లీలీటర్లు దాటిన సీసా తీసుకెళ్ళనివ్వరు, సెక్యూరిటీ దగ్గరే తీసి పారేస్తారు. ఈ షాంపూ సీసా చూడండి, మూడువందల నలభై. ఈ లోషన్ నాలుగువందలు. పైగా ఇదేమిటి, రూమ్ ఫ్రెషనర్! ఇంత పొడుగు స్ప్రే డబ్బా, మూత కూడా లేదు. మస్కట్‌లో హోటల్ గదికి సువాసన కొట్టడానికి వెళ్తోందా?"

"తొందరల పెట్టుకుంటరు మేడం. మా ఇంటామె తిరుపతి పోతే చీపురొక్కటి ఇడిసిపెట్టి ఇల్లంత సదురుతది."

"ఆవిడ నెలకు రెండుసార్లు విమానం ఎక్కుతారా?"

పక్కనున్న కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేకపోయాడు. బిక్షపతి చూసిన చూపుకి వాడు బయటికి వెళ్ళిపోయాడు.

"స్నానాల గది అరలో ఉన్నవన్నీ ఎవరో చేత్తో ఊడ్చి పెట్టెలో పోశారు" అన్నాను. "ఇంకొకటి. ప్రతి సీసాకీ మూత తీసి, మూతి మీద పాలిథిన్ ముక్క వేసి, మళ్ళీ మూత బిగించారు. చుట్టూ బ్రౌన్ టేపు చుట్టారు."

"కారకుంట. మా ఇంట్ల తొక్కు సీసాలకు గట్లనే జేస్తరు."

"మా ఇంట్లో పచ్చడి సీసాలకీ అంతే. కానీ టేపు కొస చూడండి."

గోటితో చూపించాను. టేపు చివర వేలి వెడల్పున లోపలికి మడిచి ఉంది. పట్టుకుని లాగితే గుడ్డపీలికలా ఊడొస్తుంది. ఒక్క సీసాకే కాదు, అన్నిటికీ అలాగే ఉంది.

"ఇళ్ళలో మనం టేపుని పళ్ళతో కొరికి అతికించి వదిలేస్తాం. తర్వాత కొస దొరక్క గోళ్ళు విరగ్గొట్టుకుంటాం. విప్పేవాళ్ళ కోసం కొస మడిచి పెట్టేది రోజూ పార్సిళ్ళు కట్టే మనిషి. ఈ సీసాలు కారినా కారకపోయినా వాడికి ఒరిగేదేమీ లేదు. అయినా కట్టాడు. అలవాటైన చెయ్యి బుర్రని అడిగి పని చెయ్యదు."

బిక్షపతి సూట్‌కేసు మూత దభీమని వేశాడు.

"మీకు టేపు కనవడ్డది. నాకు మెసేజ్ కనవడ్డది. 'నన్ను వెతకొద్దు, నా బతుకు నేను బతుకుతా.' ఆమె ఫోన్ నుంచే వాళ్ళ బావకు వచ్చింది. ఆ తర్వాత ఉప్పల్‌ల ఫోన్ బంద్ అయింది. ఒంటరి ఆడపిల్ల, ఎవడో దొరికిండు, పోయింది. మైనర్ గాదు, ఏం గాదు. ఇంకేం గావాలె?"

నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఒంటరిగా ఉండేవాళ్ళందరూ ఎవడో ఒకడు రాకపోతాడా అని పెట్టె సర్దుకుని కూర్చోరు ఇన్‌స్పెక్టర్ గారూ. మేమూ పొద్దున్నే లేస్తాం, పాలు కాచుకుంటాం, పనికి వెళ్తాం."

ఆయన కాసేపు తన పెన్ను మూతతో ఆడుకున్నాడు. "సూడున్రి మేడం. రేపు పొద్దుగాల ఫైల్ బంద్ జేస్త. అప్పటి దాంక మీ ఇష్టం" అని లేచిపోయాడు.

ఫైలు మూస్తే ఆ పిల్లని వెతికే మనిషి ఈ భూమ్మీద ఉండడు. నా చేతిలో ఒక్క సాయంత్రం ఉంది.

* * *

నాచారంలో స్నిగ్ధ ఉండే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ హన్మయ్య. నన్ను చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అంత మర్యాద చేసే వాచ్‌మన్‌ని నేను వెంటనే అనుమానిస్తాను.

"సోమవారం ఆ అమ్మాయి పెట్టె పట్టుకుని వెళ్ళడం నువ్వు చూశావా?"

"సూసినమ్మా. పోలీసు సారుకు గూడ చెప్పిన."

"ఏ రంగు చీర కట్టుకుంది?"

"ఎర్ర చీరమ్మా."

"విమానం ఎక్కేటప్పుడు ఆమె ఎప్పుడూ ప్యాంటే వేసుకుంటుందని ఆఫీసువాళ్ళు చెప్పారు."

హన్మయ్య తల దించుకున్నాడు. "నేను ఆ దినం ఇక్కడ లేనమ్మా. బోడుప్పల్‌ల మా సడ్డకుని ఇంట్ల దావత్ ఉండె, పోయిన. ఈ మాట బయటికొస్తే నా నౌకరీ పోతది. కాల్మొక్త."

"నీ ఉద్యోగం జోలికి నేను రాను. ఆమె ఊరెళ్ళేముందు ఎప్పుడూ ఏం చేస్తుందో చెప్పు."

"పాలు బంద్ పెట్టిపిస్తది. ఫ్రిజ్‌ల ఉన్న కూర నాకిస్తది. 'హన్మయ్యా, నేనొచ్చేదాంక జర ఇల్లు సూస్తుండు' అంటది. గీసారి ఏం చెప్పలే. పాల పాకెట్లు దర్వాజ కాడ్నే పగిలి వాసనొస్తుంటే నేనే తీసి పారేసిన." గొంతు తగ్గించాడు. "మంచి పిల్లమ్మా. ఎవల్తోని లొల్లి లేదు. ఎవలు రారు, ఎవల్నీ పిలవది."

"ఇంటి తాళంచెవి ఇంకొకటి ఎక్కడుంటుంది?"

"నా రూంల, మేకుకు ఏలాడుతది. అందరికీ ఎరుకే. ఇగో, తీస్కోన్రి."

స్నిగ్ధ గుమ్మం ముందు మగవాళ్ళ తోలు చెప్పుల జత ఉంది. తిరగేసి చూశాను. అడుగున షాపువాడి ధర చీటీ ఇంకా అతికే ఉంది. ఒక్కసారి కూడా ఎవరూ తొడగలేదు. లోపల ఒక మగాడు ఉన్నాడని దారినపోయేవాళ్ళు అనుకోవాలని కొని పెట్టిన చెప్పులు. నా గుమ్మం ముందు కూడా మా ఆయన చెప్పులు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని వారానికోసారి తుడిచి పెడతాను. ఎందుకని ఎవరూ అడగలేదు, అడగడానికి ఎవరూ రారు.

ఇల్లు శుభ్రంగా ఉంది. బాల్కనీలో ఒకే కుర్చీ. గట్టు మీద ఒకే పళ్ళెం, ఒకే గ్లాసు, బోర్లించి ఉన్నాయి. ఇలాంటి ఇంట్లో నేను దారి తప్పను. నేరుగా స్నానాల గదికి వెళ్ళాను.

అద్దం కింద అర ఖాళీగా ఉంది, నేను అనుకున్నట్టే. సీసాలు ఉన్న చోట గుండ్రటి మరకలు మిగిలాయి. కానీ తలుపు వెనక కొక్కేనికి ఒక జిప్ సంచీ వేలాడుతోంది, లోపలున్నవి బయటికి కనిపించే పారదర్శకమైన సంచీ. స్నిగ్ధ ఎప్పుడూ సర్ది ఉంచుకునే ప్రయాణం సంచీ అది. షాంపూ, లోషన్, నూనె, మొహం కడుక్కునేది, అన్నీ అరచేతిలో పట్టే చిన్న సీసాల్లో పోసి ఉన్నాయి. ఏ సీసా నిండుగా లేదు. పైకి వెళ్ళాక లోపలి గాలి ఉబ్బి మూతలోంచి కారకుండా, ప్రతి దాంట్లో కాస్త ఖాళీ వదిలింది. డియోడరెంట్ కూడా స్ప్రే కాదు, చంకలో రాసుకునే కడ్డీ. ఇంత పద్ధతైన పిల్ల, మూతలేని స్ప్రే డబ్బాని బట్టల మధ్య కుక్కుతుందా? సూట్‌కేసు సర్దినవాడు తలుపు వెనక చూడలేదు.

సంచీ ముందు జేబులో ఒక నీలం ఇన్హేలర్ ఉంది. ఉబ్బసానికి పీల్చుకునేది.

విమానంలోకి ఏది తీసుకెళ్ళనివ్వకపోయినా దీన్ని మాత్రం ఆపరు. ఉబ్బసం ఉన్న మనిషి దీన్ని సామాన్లలో వేసి పంపదు, దగ్గరే ఉంచుకుంటుంది. ఇది ఇక్కడ ఉందంటే స్నిగ్ధ తన ఇష్టంతో ఈ గడప దాటలేదు. ఇది లేకుండా ఎన్నాళ్ళు ఊపిరి తీస్తుంది?

బిక్షపతికి మెసేజ్ పెట్టాను. బుధవారం వాళ్ళు ఈ గదిలో తీసిన ఫోటోలు పంపమన్నాను. పంపడనుకున్నాను. పంపాడు, పైన 'ఇంకా ఏం గావాలె' అని రాసి మరీ.

ఫోటోని వేళ్ళతో పెద్దది చేశాను. అదే కొక్కెం, అదే సంచీ, అదే జేబు. జేబులో నీలం ఇన్హేలర్లు రెండు ఉన్నాయి.

ఇప్పుడు ఒకటే ఉంది. వెంటనే ఫోన్ చేశాను.

"మీవాళ్ళు ఈ సంచీలోంచి ఏమైనా తీశారా?"

"సుయి గూడ తియ్యలే. నేనే తాళం ఏసి వచ్చిన."

"అయితే మీరు వెళ్ళాక ఎవరో వచ్చారు. టీవీ ఉంది, ల్యాప్‌టాప్ ఉంది. అవేమీ ముట్టుకోకుండా ఒక్క ఇన్హేలర్ తీసుకెళ్ళారు. ఎవరికోసం తీసుకెళ్ళారంటారు?"

మొదటిసారి ఆ మనిషి వేళాకోళం చెయ్యలేదు.

"చచ్చిపోయినవాళ్ళకి ఊపిరి మందు అక్కర్లేదు బిక్షపతి గారూ. స్నిగ్ధ బతికే ఉంది. ఆమె ఆయాసపడుతుంటే చూసి, చావకూడదని అనుకున్నవాడి దగ్గర ఉంది."

"నేను మంత్రి బందోబస్తుల ఉన్న మేడం. అయిపోయినంక మాట్లాడ్త" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు. కానీ ఫైలు మూస్తానని మాత్రం అనలేదు.

చావకూడదని ఎందుకు అనుకున్నాడు? ఆమె నుంచి వాడికి ఇంకా ఏదో కావాలి. అది దొరకలేదు. అంటే అది ఈ ఇంట్లోనే ఉండొచ్చు.

బీరువా, బియ్యం డబ్బా, పరుపు కింద వెతకడం దండగ. ఆ పని వాడు చేసే ఉంటాడు. మాసిన బట్టల బుట్ట దగ్గరికి వెళ్ళాను. నా బంగారు గొలుసు మా ఇంట్లో అలాంటి బుట్ట అడుగునే ఉంటుంది. మగ దొంగ ఎంతటివాడైనా ఆడవాళ్ళ మాసిన లోబట్టల్లో చెయ్యి పెట్టడానికి వెనకాడతాడు. ఒంటరిగా ఉండే ఆడవాళ్ళకి ఇలాంటి తెలివితేటలు ఎవరూ నేర్పకుండానే వస్తాయి.

బుట్ట అడుగున పాత తువ్వాలులో చుట్టి, నల్లటి డబ్బా ఒకటి ఉంది. మగవాళ్ళ బాడీ స్ప్రే. మూత తీసి నొక్కాను. బుస్సుమనలేదు. ఊపాను. లోపల నీళ్ళ చప్పుడు లేదు, ఇసకలాంటిదేదో జారింది. చేతిలో బరువుగా ఉంది. దొంగచాటుగా దేశం దాటించే మత్తుపొడో, అలాంటిదే మరొకటో.

ఇప్పుడు అర్థమైంది. 'మా వాళ్ళకిచ్చెయ్, పెద్ద పెట్టెలో వేసుకో' అని ఎవరో ఈ డబ్బా ఆమె చేతిలో పెట్టారు. విమానంలో సామాన్లలో వేసే పెద్ద పెట్టెలో బాడీ స్ప్రే ఉంటే ఎవరూ వింతగా చూడరు. కానీ ఆ పిల్ల ఊరికే వేసుకునే రకం కాదు. మూత గట్టిగా ఉందో లేదో చూడబోయి నొక్కి ఉంటుంది. డబ్బా బుస్సుమనలేదు. తీసుకెళ్ళనని చెప్పింది. రుజువుగా ఉంటుందని తిరిగివ్వకుండా దాచిపెట్టింది.

ఆమెకి డబ్బా ఇచ్చి పంపేంత చనువు ఎవరికుంది? ఎవరూ రారు, ఎవరినీ పిలవదు అన్నాడు హన్మయ్య. నేను అక్కడే ఆగి ఆలోచించాల్సింది. కానీ పిల్ల బతికుందన్న సంతోషంలో నా బుర్ర మెత్తబడే ఉంది. డబ్బాని చేతిసంచీలో వేసుకుని, ఈ కబురు ముందు వాళ్ళ బావకి చెప్పాలనుకున్నాను. పాపం, ఆమెకున్న ఒక్క చుట్టం.

* * *

నాగేందర్ దుకాణం ఉప్పల్‌లో మెయిన్ రోడ్డుకి వెనక వీధిలో ఉంది. నేను అక్కడికి వెళ్ళడం అదే మొదలు. లోపల అడుగుపెడితే ఆవపిండి, వెల్లుల్లి ఘాటు. గోడ పొడుగునా పచ్చడి సీసాలు. వెనక అట్టపెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఒక పక్క కారం కలిపే మిషన్ తిరుగుతోంది, నెత్తిన పెద్ద ఫ్యాను, మాట వినపడటమే కష్టంగా ఉంది. పనివాళ్ళు వెళ్ళిపోయినట్టున్నారు, అతనొక్కడే ఉన్నాడు.

"రండ్రి అక్కా, కూసోన్రి. లండన్ పార్సిల్ ఉన్నది, రెండు నిమిషాల్ల ముగిస్త."

కూర్చున్నాను. చెబుదామని నోరు తెరిచాను.

అతను గోంగూర సీసా మూత తీశాడు. మూతి మీద పాలిథిన్ ముక్క వేశాడు. మూత బిగించాడు. చుట్టూ బ్రౌన్ టేపు తిప్పి, తెంపి, కొసని బొటనవేలితో లోపలికి మడిచాడు. నా మొహంకేసి చూస్తూనే ఇదంతా చేశాడు. చేతుల వైపు ఒక్కసారి కూడా చూసుకోలేదు.

తెరిచిన నోరు మూసుకున్నాను.

"ఇది మీకే అక్కా" అని ఆ సీసా నా ముందు పెట్టాడు. "ఒక్కరే ఉంటరు గదా. ఒక్క మనిషికి కూర ఒండుకునుడంటే యాష్ట. ఇంత తొక్కేసుకుని తినున్రి."

"థాంక్స్ నాగేందర్" అన్నాను. "ఇల్లంతా చూశాను. ఏమీ దొరకలేదు. రేపు మళ్ళీ వస్తాను."

"ఏం దొరకలేదా?"

"లేదు."

"స్ప్రే డబ్బా గిట్ల? నల్లది?"

స్ప్రే మాట నేను ఎత్తలేదు. అన్నాక అతనికీ ఆ సంగతి తెలిసింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నేను లేచి నిలబడ్డాను. నా చెయ్యి నాకు తెలియకుండానే చేతిసంచీ మీదికి వెళ్ళింది. ఇందాక నేనే చెప్పాను, చెయ్యి బుర్రని అడగదని. అతని చూపు నా చేతి మీదే ఆగింది.

నాకంటే ముందు అతను గుమ్మం చేరాడు. తొందర లేకుండా షట్టర్ కిందికి లాగి తాళం వేశాడు.

"ఆ డబ్బా తోని గొడవ వద్దని ఆ పిల్లకు మస్తు చెప్పిన. ఇననే లేదు" అన్నాడు. "డబ్బా ఈడ పెట్టు అక్కా. నువ్వు రాలేదని దేవులాడెటోళ్ళు నీకు గూడ ఎవలు లేరు గదా?"

మీరు కాస్తా నువ్వు అయింది. ఆ మాటకి నేను భయపడ్డాను. అంతకంటే ఎక్కువగా నొచ్చుకున్నాను, అది నిజం కాబట్టి. పాల పాకెట్లు నా గుమ్మం ముందు కూడా పగులుతాయి. వాసన వచ్చాకే ఎవరో తీసి పారేస్తారు. సంచీలోకి చెయ్యి పోనిచ్చి ఫోన్ మీద బిక్షపతి నంబరు ఉండే చోటుని తడుముతూ నొక్కాను. కలిసిందో లేదో తెలియదు.

నాగేందర్ గోడ దగ్గరికి వెళ్ళి మెయిన్ స్విచ్ ఆపేశాడు. లైటు ఆరింది. మిషన్ ఆగింది. ఫ్యాను రెక్కలు ఇంకో నాలుగు చుట్లు తిరిగి నిలిచిపోయాయి. దుకాణంలో నా ఊపిరి, అతని ఊపిరి తప్ప ఇంకేమీ వినిపించలేదు.

అప్పుడు వినిపించింది. వెనక, పైకప్పు దాకా పేర్చిన అట్టపెట్టెల అవతల, ఎవరో నోరు నొక్కుకుని దగ్గారు. ఆ వెంటనే ఒక చిన్న బుస్సు, ఇన్హేలర్ నొక్కిన చప్పుడు. కాస్త ఆగి మళ్ళీ ఇంకో బుస్సు.

"స్నిగ్ధా!" అని నా గొంతు పగిలేలా అరిచాను. "నీకోసమే వచ్చానమ్మా! నేనిక్కడే ఉన్నాను!"

అట్టపెట్టెల వెనకనుంచి ఎవరో గోడని చేత్తో కొట్టడం మొదలుపెట్టారు. నాగేందర్ చీకట్లో నా వైపు నడిచి వస్తున్నాడు. బల్ల మీది గోంగూర సీసాని రెండు చేతులతో పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను.